ర్యాంకు కోసం వయోలా మానిపించాలా?

డల్లాస్‌కు ఉత్తరాన ఉన్న ఒక శివారు నుంచి ఒక తల్లి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆమె చెప్పినదాని సారాంశం ఇది.

భర్తది గుంటూరు వైపు. ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో చదివి, ఎంసెట్ ర్యాంకుతో ఇంజినీరింగ్‌లో చేరి, తర్వాత హెచ్1బీ మీద టెక్సాస్ వచ్చారు. ఒక్కతే కూతురు. మూడేళ్ల వయసులో వచ్చింది, ఇప్పుడు తొమ్మిదో తరగతి రెండో సెమిస్టరులో ఉంది. పదో తరగతికి ఏ కోర్సులు తీసుకుంటుందో రాసిచ్చే ఫారానికి ఇంకా రెండు వారాలే గడువు. తండ్రి ఒక ఎక్సెల్ షీటు తయారు చేశారు. పన్నెండో తరగతి చివరిదాకా ప్రతి సెమిస్టరుకూ క్లాసులు అందులో నింపేశారు. వయోలాకు మాత్రం గడి లేదు.

అమ్మాయి ఆరో తరగతి నుంచి బడి ఆర్కెస్ట్రాలో వయొలిన్ లాంటి, కాస్త పెద్ద వాద్యమైన వయోలా వాయిస్తోంది. అదంటే ఆమెకు ఇష్టం. వాళ్ల స్కూలు డిస్ట్రిక్టులో ఏపీ అనే కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ క్లాసులో 100 వస్తే జీపీఏ (మార్కుల సగటు) లెక్కలో 6.0. అడ్వాన్స్‌డ్ క్లాసుకు 5.5, మామూలు క్లాసుకు 5.0. అక్కడి నుంచి మార్కు తగ్గినకొద్దీ 0.1 చొప్పున పోతుంది. ఆర్కెస్ట్రాను మామూలు క్లాసు కిందే లెక్కేస్తారు. 'అది ఉన్నంతకాలం టాప్ 5 శాతంలోకి రాదు, యూటీ ఆస్టిన్ మర్చిపోవాల్సిందే' అంటారు తండ్రి, ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ గురించి. ఆ బడిలో తరగతికి 500 మందికి పైగా పిల్లలు. అందులో ఈ అమ్మాయి మొదటి పావు వంతులో ఉందని కౌన్సెలర్ చెప్పారు. మొన్న అడ్వాన్స్‌డ్ జామెట్రీలో 84 వస్తే ఇంట్లో చెప్పలేదు. తల్లి పోర్టల్‌లో చూసి అడిగితే తలుపేసుకుంది. ఆ పోర్టల్ తల్లి రోజుకు మూడుసార్లు చూస్తారు. రాత్రి 12 దాటితే గానీ పడుకోవడం లేదు. సోమవారం వచ్చిందంటే కడుపునొప్పి అంటోంది.

తండ్రి దగ్గర ఇంకో రెండు ఆలోచనలున్నాయి. పోటీ తక్కువుండే ఊరి బడి పరిధిలోకి ఇల్లు మారడం ఒకటి. నాలుగేళ్ల ప్యాకేజీకి 12,000 డాలర్లు అడుగుతున్న అడ్మిషన్ల కన్సల్టెంటును పెట్టుకోవడం రెండోది. 'ఆయన చెడ్డవారు కాదు, అమ్మాయంటే ప్రాణం. కానీ ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను. వయోలా మానిపించనా, ఇల్లు మారనా, డబ్బు కట్టనా?' అని అడిగారు ఆమె. ఆయనతో ఎలా మాట్లాడాలో కూడా చెప్పమన్నారు. పాప ఇంకా హెచ్4 మీదే, అంటే హెచ్1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా మీదే, ఉందని చివర్లో ఒక్క వాక్యం రాశారు.

అమ్మా, గడువు దగ్గరపడింది కాబట్టి ముందు ఫారం సంగతే చూద్దాం.

మీవారి షీటు మొత్తం ఒక్క లెక్క మీద నిలబడి ఉంది: ర్యాంకొస్తే ఆస్టిన్ వస్తుంది, ఆస్టిన్ వస్తే కంప్యూటర్ సైన్స్ వస్తుంది. ఇందులో మొదటి సగం నిజం. టెక్సాస్‌లో 1997 నుంచి చట్టం ఉంది. బడిలో టాప్ 10 శాతంలో ఉన్నవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా ప్రవేశం దొరుకుతుంది. ఆస్టిన్‌కు తాకిడి ఎక్కువైపోవడంతో 2009లో చట్టాన్ని కొంచెం మార్చారు. టెక్సాస్ పిల్లలకిచ్చే సీట్లలో 75 శాతం వరకే ర్యాంకు దారిన నింపితే చాలు. అందుకే అక్కడ ఆ గీత 10 నుంచి దిగుతూ వచ్చి, 2026 ఫాల్‌లో చేరేవాళ్ల నుంచి 5 శాతానికి వచ్చింది. మీ బడిలో అంటే పాతిక మంది చిల్లర. చూసేది పదకొండో తరగతి చివరి ర్యాంకు.

రెండో సగం దగ్గరే మీవారి లెక్క తప్పింది. ఆ ర్యాంకు యూనివర్సిటీలో చోటిస్తుంది, బ్రాంచి ఇవ్వదు. కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్, బిజినెస్ లాంటివాటికి దరఖాస్తును మళ్లీ విడిగా చూస్తారు. ఏ క్లాసులు తీసుకుంది, శాట్ అనే ప్రవేశ పరీక్షలో ఎంత వచ్చింది, వ్యాసాల్లో ఏం రాసింది, బడి బయట ఏం చేసింది, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. టాప్ 5 శాతంలో ఉండి కూడా అడిగిన బ్రాంచి దొరక్క వేరే దాంట్లో చేరిన పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. మీవారి రోజుల్లో ఎంసెట్ ర్యాంకు పట్టుకుని కౌన్సెలింగ్‌కి వెళ్తే కాలేజీ, బ్రాంచి రెండూ ఒక్క పూటలో తేలిపోయేవి. ర్యాంకు అనగానే ఆయనకు అదే గుర్తుకొస్తోంది. అందులో ఆయన తప్పేమీ లేదు. కానీ ఇక్కడి ర్యాంకుకు అంత శక్తి లేదు.

ఇప్పుడు వయోలా లెక్క. మీరు రాసిన అంకెలతోనే చూద్దాం. ఆర్కెస్ట్రాలో 100 వస్తే 5.0. ఏపీలో 90 వస్తే ఎంత? అదీ 5.0. అంటే వయోలా తీసేసి ఆ గంటలో ఏపీ పెట్టినా, అందులో 90 దాటితేనే లాభం. 95 తెచ్చుకుందనుకోండి, ఆ ఏడాదికి 0.5 ఎక్కువ. పది, పదకొండు తరగతులు రెంటికీ కలిపి 1 పాయింటు. ఏడాదికి ఏడు క్లాసుల చొప్పున మూడేళ్లకు 21 క్లాసులు. 1ని 21తో భాగిస్తే 0.05 దగ్గర తేలుతుంది. ఆ ఏపీలో 85 వచ్చిందా, వయోలా వాయించుకున్నా ఇంతకన్నా నయం అనిపిస్తుంది. జామెట్రీలో 84 అంటే మీ డిస్ట్రిక్టు లెక్కలో 3.9. నిద్ర లేక, భయపడుతూ రాసే పిల్లకు ఇంకో కష్టమైన క్లాసు పెడితే 95 వస్తుందో 85 వస్తుందో మీవారు షీటులో ఎక్కడ వేశారు? నేను ఊహించగలను, అన్నిటికీ 97 వేసి ఉంటారు.

0.05 అంటే ఏమీ కాదని చెప్పను. మొదటి ముప్పై నలభై మంది మధ్య తేడా దశాంశాల్లోనే ఉంటుంది, అక్కడున్న పిల్లకు అది పెద్ద సంగతే. మీ అమ్మాయి ప్రస్తుతం అక్కడ లేదు. మొదటి పావు అంటే 125 మందిలోపు. రెండున్నరేళ్లలో అక్కడి నుంచి పాతికలోకి రావడం అసాధ్యం కాదు గానీ, దాన్నే నమ్ముకుని మిగతావన్నీ తీసేయమని నేను అనను. టాప్ 10 శాతం, అంటే యాభై మందిలోకి వస్తే, ఆస్టిన్ తప్ప టెక్సాస్ ఏ అండ్ ఎం, యూటీ డల్లాస్, హ్యూస్టన్ లాంటి ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా ప్రవేశం ఉంటుంది. అక్కడా బ్రాంచి సంగతి విడిగానే. ఏ అండ్ ఎంలో ఇంజినీరింగ్‌లో చేరినవాళ్లు మొదటి ఏడాది అందరితో కలిసి చదివి, ఆ తర్వాత బ్రాంచికి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. యాభైలోకి కూడా రాకపోయినా దారులు మూసుకుపోవు, అప్పుడు దరఖాస్తు మొత్తాన్ని చూస్తారు.

అలా మొత్తం చూసేటప్పుడు వయోలా దేనికి పనికొస్తుందో కూడా ఆలోచించండి. చాలా కాలేజీలకు ఒకటే సరిపోయే కామన్ యాప్ దరఖాస్తులో చదువు కాకుండా చేసినవాటికి పది గడులు ఉంటాయి. ఒక్కోదానికి 150 అక్షరాలు మించకూడదు. పది క్లబ్బుల పేర్లు నింపిన పిల్లలు వేలల్లో ఉంటారు. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా ఒకే పని వదలకుండా చేసిన పిల్లలు అంతమంది ఉండరు. వయోలా ఉంటే సీటొస్తుందని కాదు, ఆ భ్రమలో పడొద్దు. తీసేస్తే అక్కడ పెట్టడానికి ఏముంది అనేదే నా ప్రశ్న. మీ ఉత్తరంలో అమ్మాయికి ఇష్టమని రాసినది అదొక్కటే.

కాబట్టి మీ ముందు మూడు దారులున్నాయి. పన్నెండు దాకా ఉంచడం ఒకటి. 0.05 దాకా పోవచ్చు, బదులుగా రోజుకో గంట ఆమె చేతికి నచ్చిన పని దొరుకుతుంది. పదో తరగతికి ఉంచి, ఆ ఏడాది చివర ర్యాంకు చూసుకుని పదకొండుకు మళ్లీ ఆలోచించడం రెండోది. అప్పటికి ఊహలు కాదు, అంకెలు చేతిలో ఉంటాయి. అయితే 'నెక్స్ట్ ఇయర్ తీసేస్తారేమో' అన్న టెన్షన్ పిల్లకు ఏడాదంతా ఉంటుంది, అది కూడా లెక్కేసుకోండి. బడిలో మానేసి బయట గురువు దగ్గరో, ఊళ్లోని యూత్ ఆర్కెస్ట్రాలోనో కొనసాగించడం మూడోది. జీపీఏ మీద దెబ్బ ఉండదు. డబ్బు, సాయంత్రాలు, కారు నడపడం మీ మీద పడతాయి. బడి ఆర్కెస్ట్రాలో లేని పిల్లలు మామూలుగా ఆల్ రీజియన్ ఆడిషన్లకు, అంటే ఆ ప్రాంతం బడులన్నిటి నుంచి మంచి వాద్యకారులను ఎంచే పోటీలకు, వెళ్లలేరు. ఇప్పటికే 12 దాటాక పడుకుంటున్న పిల్లకు సాయంత్రాల్లో ఇంకో పని పెట్టడం నాకు నచ్చలేదు. ఎంచుకోవాల్సింది మీ ముగ్గురూ. నేనైతే రెండో దారివైపు మొగ్గుతాను, ఒక షరతుతో: పదకొండులో ఏం చేయాలన్న మాటలో చివరి ఓటు అమ్మాయిది.

కొన్ని డిస్ట్రిక్టుల్లో ఆర్కెస్ట్రా, ఆటలు లాంటి క్లాసులను జీపీఏ లెక్కలోంచి తప్పించుకునే వీలుంటుంది. మీ దగ్గర ఉందో లేదో అకడమిక్ గైడ్‌లో చూడండి. ఉంటే ఈ గొడవంతా ఒక్క కాగితంతో సర్దుకుంటుంది. ఇంకో సంగతి షీటులో ఉందో లేదో తెలియదు. నేరుగా ప్రవేశం దొరకాలంటే ర్యాంకు ఒక్కటే చాలదు. 'డిస్టింగ్విష్డ్ లెవెల్ ఆఫ్ అచీవ్‌మెంట్' అనే స్థాయితో బడి పూర్తిచేయాలి. దానికి ఆల్జీబ్రా 2తో సహా నాలుగు మ్యాథ్స్ క్రెడిట్లు, నాలుగు సైన్స్ క్రెడిట్లు, కనీసం ఒక ఎండార్స్‌మెంట్ (ఒక రంగానికి చెందిన కోర్సుల వరుస) కావాలి. డిగ్రీ పట్టాకు కాదు, హైస్కూల్ పూర్తికే. పన్నెండో తరగతికి వచ్చాక ఏదో ఒక క్రెడిట్ తగ్గిందని తెలిస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

ఇల్లు మారే ఆలోచన గురించి ఎక్కువ రాయను. ఆ చట్టం పెట్టిందే మారుమూల ఊళ్ల నుంచి, పేద బడుల నుంచి కూడా పిల్లలు పెద్ద యూనివర్సిటీలకు రావాలని. శివారు నుంచి అక్కడికి వెళ్లి వాళ్లకు దొరికే కొద్దిపాటి సీట్లలో ఒకటి పట్టుకోవడం నాకైతే ముచ్చటగా లేదు, అది నా అభిప్రాయం. డబ్బు సంగతి వేరే: 2021 ప్రాంతంలో 3 శాతం వడ్డీకి కొన్న ఇల్లయితే, ఇప్పుడు దాన్ని వదిలి అంతకన్నా చాలా ఎక్కువ వడ్డీకి కొత్త అప్పు తీసుకోవాలి. చిన్న బడిలో ఏపీ క్లాసులు తక్కువ ఉండొచ్చు. వేరే బడి నుంచి వచ్చిన మార్కుల్ని ఎలా లెక్కేస్తారు, ర్యాంకులో ఎప్పటి నుంచి చేరుస్తారు అనేది ఒక్కో డిస్ట్రిక్టులో ఒక్కోలా ఉంటుంది. పదిహేనేళ్ల పిల్ల స్నేహితులందరినీ వదిలి వెళ్లి, ఆ ర్యాంకు కూడా రాకపోతే ఆ మాట ఇంట్లో ఎన్నేళ్లు నడుస్తుందో మీకే బాగా తెలుసు. ఉద్యోగం వల్లో, ఇంకో కారణం వల్లో ఎలాగూ మారాల్సి ఉంటే అది వేరు.

కన్సల్టెంటుకు 12,000 డాలర్లు. తొమ్మిదో తరగతిలో వాళ్లు ఏం చేస్తారని మీరు అడిగారా? చాలామంది చేసేది మీవారి షీటు లాంటిదే, రంగులు వేసి ఇస్తారు. కొందరు ఇంకో అడుగు వేసి పిల్లల చేత ఊళ్లో ఒక ఎన్జీవో పెట్టించి, వేసవిలో ఫొటోలు తీయిస్తారు. అలాంటివి అడ్మిషన్ ఆఫీసుల వాళ్లు ఏళ్లుగా చూస్తున్నారు. నిజంగా పనికొచ్చే సాయం పదకొండు అయ్యాక వేసవిలో, వ్యాసాలు రాసేటప్పుడు కావాలి. కామన్ యాప్ ప్రధాన వ్యాసానికి 650 పదాలు హద్దు. దానికి గంటల లెక్కన ఎవరినైనా పెట్టుకోవచ్చు, ఖర్చు చాలా తక్కువ. ఇంగ్లిష్ టీచరే ఒప్పుకుంటే ఇంకా మంచిది. శాట్‌కు ఖాన్ అకాడమీ పాఠాలు, కాలేజ్ బోర్డు వాళ్ల బ్లూబుక్ యాప్‌లో నమూనా పరీక్షలు ఉచితం. ఏ యూనివర్సిటీ దేనికి ఎంత విలువ ఇస్తుందో తెలియాలంటే ఆ యూనివర్సిటీ పేరుతో 'కామన్ డేటా సెట్' అని వెతకండి. మార్కులు, ర్యాంకు, వ్యాసం, సిఫారసు ఉత్తరాలు, ఒక్కోదానికీ ఎంత ప్రాధాన్యమో పట్టికలో రాసి పెడతారు. మీవారికి షీట్లంటే ఇష్టం కదా, ఇది ఆయనకు బాగా నచ్చుతుంది. అయినా బడి కౌన్సెలర్ మీద వందల మంది పిల్లల భారం ఉంటుంది, ఆమెకు తీరిక దొరకదు, ఇంట్లో అయితే ప్రతి మాటా గొడవవుతోంది అనుకుంటే, మధ్యలో మూడో మనిషి ఉండటం కొన్ని ఇళ్లకు మేలే. అప్పుడు కూడా నాలుగేళ్ల ప్యాకేజీకి ఒప్పుకోవద్దు, ఏడాదికోసారి కట్టేలా అడగండి.

నాలుగేళ్ల ప్రణాళిక అవసరం లేదా అంటే, ఉంది. కానీ అన్నేళ్లూ ఒకే బరువు ఉండవు. తొమ్మిది, పదుల్లో మార్కులు నిలబెట్టుకోవడం, ఏది ఇష్టమో తెలుసుకోవడం, ఒకటో రెండో ఏపీలు రుచి చూడటం చాలు. అసలు బరువంతా పదకొండులో. అక్టోబరులో శాట్‌కు సన్నాహంగా రాసే పీశాట్, శీతాకాలం నుంచి శాట్, మే నెలలో ఏపీ పరీక్షలు, ఆ ఏడాది చివర ర్యాంకు. ఆస్టిన్ వాళ్లు శాట్ లేదా అలాంటిదే అయిన ఏసీటీ పరీక్ష స్కోరును మళ్లీ తప్పనిసరి చేశారు, కాబట్టి అది తప్పించుకోలేం. సిఫారసు ఉత్తరాలకు టీచర్లను ఆ వేసవి సెలవులకు ముందే అడగాలి. ఆగస్టు 1న దరఖాస్తులు తెరుస్తారు. ఆస్టిన్‌కు తొందరగా పెట్టేవాళ్ల గడువు అక్టోబరు మధ్యలో పడుతుంది. అంటే పన్నెండో తరగతి మొదలైన రెండు నెలల్లోనే ముఖ్యమైన పనంతా అయిపోవాలి. ఏపీ పరీక్షల్లో 5కి 3 వస్తే టెక్సాస్ ప్రభుత్వ కాలేజీలు మామూలుగా క్రెడిట్ ఇస్తాయి, అంటే పోయే డబ్బు కొంత మిగులుతుంది. కాబట్టి ఏపీలు తీసుకోవద్దని నేను అనడం లేదు. ఏవి నిలబడి చదవగలదో అవి తీసుకోమంటున్నాను.

హెచ్4 సంగతి మీరు చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. నాకు మిగతా అన్నిటికన్నా అదే ముందు కనిపించింది. ఫెడరల్ ఆర్థిక సాయం హెచ్4 పిల్లలకు రాదు. జీతం వచ్చే ఇంటర్న్‌షిప్ చేయలేదు. గ్రీన్ కార్డు రాకుండా 21 నిండితే మీ మీద ఆధారపడిన పిల్ల కింద ఉండలేదు, అప్పటికి ఎఫ్1 అనే విద్యార్థి వీసాకు మారాలి. మీ అమ్మాయికి ఇప్పుడు పదిహేను. లెక్కేస్తే కాలేజీ మూడో ఏడాది మధ్యలో పడుతుంది. కొన్ని ప్రైవేటు కాలేజీలు స్కాలర్‌షిప్పుల దగ్గర ఇలాంటి పిల్లల్ని విదేశీ విద్యార్థుల కింద చూస్తాయి. టెక్సాస్‌లో ఇక్కడి నివాసం నిరూపించుకుంటే రాష్ట్ర ఫీజుకు అర్హత దొరికే అవకాశం ఉంది, కానీ వీసా మారినప్పుడు ఏమవుతుందో ముందే తెలుసుకోవాలి. మీ ఇమిగ్రేషన్ లాయరుతో గంటసేపు కూర్చోండి. గ్రీన్ కార్డు వరుసలో మీ ప్రయారిటీ డేటు, పాప వయసు ముందు పెట్టి అడగండి. కన్సల్టెంటుకు ఇవ్వాలనుకున్న డబ్బులో చిన్న ముక్క ఇక్కడ పెడితే అది నిజంగా ప్లానింగ్.

ఇక అమ్మాయి. జామెట్రీలో 84 దాచింది చదువు మీద శ్రద్ధ లేక కాదు, మీ ఇద్దరి మొహాలూ చూడలేక. ఆయన ర్యాంకు అంటున్నారని మీరు రాశారు. పోర్టల్ రోజుకు మూడుసార్లు చూస్తున్నది మాత్రం మీరే. టీచరు మార్కు ఎక్కించిన నిమిషంలోనే మీ ఫోను మోగుతుంటే ఆమెకు తన తప్పు తాను సర్దుకునే వ్యవధి ఎక్కడుంది? నోటిఫికేషన్లు తీసేయండి. వారానికి ఒక్కరోజు, ఏ రోజో ఆమెనే చెప్పమని, పక్కన కూర్చుని ఇద్దరూ కలిసి చూడండి. మొదటి రెండు వారాలు మీ చేతులు లాగుతాయి, తెలుసు. ప్రతి సోమవారం వచ్చే కడుపునొప్పిని బద్ధకం అనుకోవద్దు, నటన అనుకోవద్దు. పీడియాట్రీషియన్‌కు చూపించండి, నిద్ర సంగతి కూడా చెప్పండి. పరీక్షల్లో ఏమీ తేలకపోతే ఆందోళన కోణంలో చూడమని మీరే అడగండి. మన ఇళ్లల్లో ఆ మాట అనడానికి మొహమాటపడతాం.

మీవారితో ఎలా మాట్లాడాలో అడిగారు. వయోలా గురించి మొదలుపెట్టకండి, అది ఇప్పటికే గెలుపోటముల వ్యవహారం అయిపోయింది. పైన రాసిన లెక్క ఆయన షీటులోనే వేసి చూపించండి. ఆర్కెస్ట్రా బదులు ఏపీ పెట్టిన గడిలో ఒకసారి 95, ఒకసారి 90, ఒకసారి 85 వేసి చూడమనండి. అంకెలతో పెరిగిన మనిషి అంకెలకు లొంగుతారు. లొంగకపోతే, ఆయన భయం దేని గురించో అడగండి. నా అనుమానం, అది ఆస్టిన్ గురించి కాదు. వీసా మీద ఇన్నేళ్లు బతికిన తండ్రికి కూతురు కాళ్ల మీద నిలబడుతుందా లేదా అన్న దిగులు అది. దానికి లాయరు దగ్గర కొంత జవాబు ఉంది, ఎక్సెల్‌లో లేదు.

ఈ వారమే చేయాల్సింది ఒకటుంది. బడి కౌన్సెలర్‌కు మెయిల్ రాయాలి. మీరు కాదు, మీవారు కాదు, అమ్మాయి చేత రాయించండి, మీకు కాపీ పెడితే చాలు. ఆర్కెస్ట్రాను జీపీఏ లెక్కలోంచి తప్పించే వీలుందా, ప్రస్తుత కోర్సులతో డిస్టింగ్విష్డ్ లెవెల్‌కు ఏమైనా తగ్గుతున్నాయా, ఏపీలో చేరాక బరువనిపిస్తే ఎన్ని వారాల్లోపు అడ్వాన్స్‌డ్‌లోకి మారొచ్చు అని అడగమనండి. ఫారం ఇచ్చాక కూడా చాలా బడులు కొన్నాళ్లపాటు మార్పులు ఒప్పుకుంటాయి. మీ బడిలో ఆ చివరి తేదీ ఏమిటో అదే మెయిల్లో అడిగితే, ఈ రెండు వారాల్లోనే అంతా తేల్చేయాలన్న కంగారు మీ ఇంట్లో కొంత తగ్గుతుంది.